సంఘం లీడర్‌గా ఉండమన్నారా? ఒప్పుకున్నాక ఏం చేయాలి, ఎలా చేయాలి

"ఈసారి నువ్వే ఉండు వదినా. నువ్వైతే అందరికీ సరిపోతావు."

పొదుపు సంఘం మీటింగులో ఎవరో ఒకరు ఈ మాట అంటారు, మిగతావాళ్లు అవునవునంటారు. మనం చెప్పే జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే. "అమ్మో, నా వల్ల కాదు. ఇంటి పనే తెమలడం లేదు, ఇంకెవరినైనా పెట్టుకోండి."

అలా అనేసి ఇంటికొచ్చాక కూడా మనసు అక్కడే తిరుగుతుంటే ఈ వ్యాసం మీ కోసమే. నలుగురికీ పనికొచ్చే పని చేయాలని, నలుగురినీ కలుపుకుని ముందు నడవాలని అనిపించడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. మన ఊళ్లలో మగవాడికి ఆ కోరిక ఉంటే పెద్దరికం అంటారు, ఆడవాళ్లకు ఉంటే పెత్తనం అంటారు. ఆ తేడాను పట్టించుకోకండి. నేను చాలా ఏళ్లుగా సంఘాల మధ్య తిరుగుతున్నదాన్ని. బాగా నడిచిన ప్రతి సంఘం వెనకా ఈ కోరికను గట్టిగా పట్టుకున్న మనిషి ఒకరైనా కనిపించారు. ఆమెకు పెద్ద చదువు లేకపోవచ్చు, గట్టి గొంతూ లేకపోవచ్చు. సంఘం పుస్తకాన్ని మాత్రం అందరి ముందూ తెరిచి పెట్టింది, అప్పు తీసుకునేటప్పుడు తను చివర నిలబడింది. లీడర్‌గా ఉండటంలో అసలు పనంతా ఈ రెండింటిలోనే ఉందని నా నమ్మకం. మిగతాది నేర్చుకుంటే వచ్చేస్తుంది.

ముందు మిమ్మల్ని మీరు అడగండి

ఈ పని మీదేనా అని తెలుసుకోవడానికి జాతకం చూపించుకోనక్కర్లేదు. ఇప్పటికే మీ గడప ఎవరు తొక్కుతున్నారో చూడండి. కరెంటు బిల్లు చదివించుకోవడానికి ఎవరైనా వస్తున్నారా? పింఛను ఆగిపోయిన ముసలమ్మ "నువ్వొక్కసారి ఆఫీసుకు రామ్మా" అంటోందా? ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పక్కింటి అమ్మాయి మిమ్మల్నే తోడు రమ్మంటోందా? అయితే ఊరు మిమ్మల్ని ఎప్పుడో ఎంచుకుంది. సంఘం ఇప్పుడు ఆ మాటను తీర్మానంలో రాస్తానంటోంది, అంతే.

ఇక రెండో ప్రశ్న. ఎందుకు ఒప్పుకుంటున్నాను? ఇది ఒంటరిగా కూర్చుని అడుక్కోవాల్సింది, నిజం చెప్పుకోవాల్సింది. లీడర్‌గా ఉంటే పెద్ద లోన్ వస్తుందనో, ఆఫీసర్లు పేరు పెట్టి పిలుస్తారనో, ఫలానా ఆమె మీద గెలవాలనో అయితే ఇప్పుడే వద్దనండి. సంఘం లీడర్‌కు జీతం ఉండదు. మీటింగులకు, బ్యాంకుకు, గ్రామ సమాఖ్యకు తిరగడంలో కూలి పోతుంది, వంట ఆలస్యమవుతుంది, మాటలు పడాల్సి వస్తుంది. వీటన్నిటికీ ఎదురుగా దక్కేది ఒక్కటే, పక్కవాళ్ల కష్టం మీ వల్ల కొంచెం తేలికవడం. అది చాలనిపిస్తే సరేననండి.

ఇంట్లో కూడా ముందే మాట్లాడాలి. "నన్ను లీడర్ చేశారు" అని వార్తలా చెప్పేస్తే మొదటి నెలలోనే గొడవ మొదలవుతుంది. నెలలో ఏ రోజులు పోతాయో, ఆ రోజుల్లో వంట ఎవరు చూస్తారో, పిల్లల్ని బడి నుంచి ఎవరు తెస్తారో కూర్చుని తేల్చుకోండి. అత్తగారికి విడిగా చెప్పండి. ఒక మాట కచ్చితంగా చెప్పాలి: "సంఘం డబ్బు ఒక్క పూట కూడా మన ఇంటి అవసరానికి వాడేది లేదు, నన్ను అడగొద్దు." మొదటి రోజున ఈ మాట చెప్పడం తేలిక. ఆర్నెల్ల తర్వాత, ఎరువుల కొట్లో బాకీ పెరిగినప్పుడు, చెప్పడం కష్టం.

మీరు ఎందులోకి వెళ్తున్నారో తెలుసుకోండి

మనం ఇప్పటికీ డ్వాక్రా సంఘం అనే అంటాం. పల్లె ఆడవాళ్ల కోసం తెచ్చిన ఆ పథకం 1982లో మొదలైంది. తర్వాత పేర్లు మారాయి. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ వచ్చింది, వెలుగు అన్నారు, ఐకేపీ (ఇందిర క్రాంతి పథం) అన్నారు. పట్టణాల్లో ఇదే పని చూసే సంస్థ మెప్మా. పేరు ఏదైనా అడుగున ఉండేది పది, పదిహేను మంది ఆడవాళ్ల సంఘమే. ఊళ్లోని సంఘాలన్నీ కలిస్తే గ్రామ సమాఖ్య, దాని పైన మండల సమాఖ్య, ఆ పైన జిల్లా సమాఖ్య. పుస్తకాలు రాయడానికి సాయపడే అమ్మాయిని కొన్నిచోట్ల యానిమేటర్ అంటారు, కొన్నిచోట్ల సంఘమిత్ర అని, వీఓఏ అని అంటారు. మండలం నుంచి వచ్చే ఉద్యోగులు సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటర్), ఏపీఎం (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్). డబ్బు మూడు దారుల్లో వస్తుంది. ఒకటి మీ సొంత పొదుపు, రెండోది సంఘం పేరు మీద బ్యాంకు ఇచ్చే లింకేజీ లోన్, మూడోది సమాఖ్య ద్వారా వచ్చే అప్పులు. సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి ఈ మూడో దారిలోదే.

పంచసూత్రాలు మీకు తెలిసినవే. క్రమంగా మీటింగు, క్రమంగా పొదుపు, లోపల లోపల అప్పులు ఇచ్చుకోవడం, వాయిదా తప్పకుండా కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. చాలా సంఘాల్లో ఇవి గోడ మీద ఉంటాయి, బ్యాంకు వాళ్లు అడిగినప్పుడు గుర్తొస్తాయి. కొత్త లీడర్‌గా మీరు అయిదోదాన్ని ముందు పట్టుకోండి. పుస్తకం సరిగ్గా ఉంటే మిగతా నాలుగూ దాని వెంటే వస్తాయి.

పుస్తకాలు అందరి ముందూ తీసుకోండి

పాత లీడర్ ఇంటికి వెళ్లి సంచీ తెచ్చేసుకోవద్దు. మీటింగులోనే, సభ్యులందరూ చూస్తుండగా తీసుకోండి. తీర్మానాల పుస్తకం, పొదుపు, అప్పుల లెక్కల పుస్తకాలు, సభ్యుల పాస్‌బుక్కులు, బ్యాంకు పాస్‌బుక్కు, చెక్కు బుక్కు ఉంటే అది, లోన్ కాగితాల నకళ్లు, చేతిలో ఉన్న నగదు. ఏమేం అందాయో ఒక తీర్మానం రాసి అందరి సంతకాలూ వేలిముద్రలూ తీసుకోండి. పాత ఆమె మీ సొంత పిన్ని అయినా సరే. ఇది ఆమె మీద అనుమానం అనుకోకుండా ముందే చెప్పాలి: "పిన్నీ, రేపు నేను దిగిపోయేటప్పుడు కూడా ఇలాగే అప్పగిస్తాను."

తర్వాత బ్యాంకుకు వెళ్లి స్టేట్‌మెంట్ తీసుకుని మన పుస్తకంతో పోల్చండి. సభ్యురాలు తన పాస్‌బుక్కులో కట్టానన్నది, సంఘం పుస్తకంలో రాసింది, బ్యాంకులో పడింది, ఈ మూడూ ఒకటేనా? చాలాచోట్ల తేడా ఇక్కడే బయటపడుతుంది. డబ్బు చేతికి ఇచ్చిన రోజుకూ బ్యాంకులో కట్టిన రోజుకూ మధ్య గడిచిన వారమే సగం గొడవలకు మూలం. తేడా కనిపిస్తే ఎవరినీ వేలెత్తి చూపకుండా అంకె మాత్రం మీటింగులో చెప్పండి. ముందుగా ఎవరి చెవిలోనూ ఊదొద్దు.

ఇక ప్రతి మీటింగులో ఆ రోజు లెక్క పైకి చదవాలి. ఎంత వచ్చింది, ఎవరు కట్టారు, ఎవరికి ఎంత బాకీ ఉంది, బ్యాంకులో ఎంత ఉంది. మీకు చదువు రాకపోతే టెన్షన్ పడకండి, మంచి లీడర్లలో వేలిముద్ర వేసేవాళ్లను చాలామందినే చూశాను. ఇంటర్ చదివే అమ్మాయి చేతనో, సంఘమిత్ర చేతనో చదివించండి. అంకె ఆమె నోటి నుంచి వస్తే చాలు, అందరి చెవుల్లో పడాలి.

వడ్డీ లెక్క కూడా ఒకసారి విప్పి చెప్పండి. సంఘంలో 10,000 రూపాయలు రూపాయి వడ్డీకి తీసుకుని నెలకు 1,000 చొప్పున అసలు కడితే, మొదటి నెల వడ్డీ 100, రెండో నెల 90, మూడో నెల 80. పది నెలలు అయ్యేసరికి మొత్తం వడ్డీ 550. అదే బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చి అసలు కదపకపోతే పది నెలల్లో వడ్డీయే 3,000, అసలు అలాగే నిలబడి ఉంటుంది. నేల మీద సుద్దముక్కతో ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూపించండి. ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా ముందుకు జరిగి కూర్చుంటారు. సంఘం ఎందుకు కావాలో మీరు ఉపన్యాసం చెప్పనక్కర్లేదు.

మీటింగు నడపడం

రోజు, వేళ తేల్చుకుని మార్చకండి. కూలి పనులకు వెళ్లేవాళ్లు ఎక్కువమంది ఉంటే దీపాలు పెట్టే వేళ తర్వాతే పెట్టుకోవాలి. చోటు కూడా ఎప్పుడూ లీడర్ అరుగే అయితే, ఆ అరుగు ఎక్కడానికి మొహమాటపడేవాళ్లు మెల్లగా రావడం మానేస్తారు. ఒకసారి మీ ఇంటి దగ్గర, ఒకసారి ఎస్సీ కాలనీలో, ఒకసారి బడి వరండాలో పెట్టండి. గుండ్రంగా, అందరూ ఒకే ఎత్తున కూర్చోవాలి. లీడర్‌కు కుర్చీ, మిగతావాళ్లకు చాప అనే పద్ధతి మీ హయాంలో ఉండొద్దు.

హాజరు, పోయిన మీటింగు తీర్మానం చదవడం, పొదుపు, అప్పుల వాయిదాలు, కొత్త అప్పులు అడగడం, ఆ తర్వాత ఊరి విషయాలు. ఈ వరసకు అలవాటు పడితే గంటలో తెములుతుంది. డబ్బు లెక్కించేది ఒకరు, రాసేది ఇంకొకరు, చూసేది మూడో మనిషి. మీరు ఈ మూడూ చేయకండి.

నోట్లో నాలుక లేని మనిషి ప్రతి సంఘంలో ఒకరు ఉంటారు. ఏది అడిగినా "మీరెలా అంటే అలా" అంటుంది. ఆమెను మొదట అడగండి, గట్టిగా మాట్లాడేవాళ్లను చివర అడగండి. ఈ ఒక్క మార్పుతో సంఘం తీరే మారిపోతుంది. ఎందుకంటే గట్టిగా మాట్లాడే ఆమె మొదట మాట్లాడేస్తే మిగతావాళ్లు ఆ మాటకే తలూపుతారు. వాళ్ల అవసరం వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, పై వారం వడ్డీ వ్యాపారి దగ్గర తేలుతుంది.

ఆలస్యానికి జరిమానా పెట్టుకుంటే అది లీడర్‌కూ పడాలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి మన పెద్దవాళ్లు చెప్పుకునే ముచ్చట ఒకటుంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సమయంలో ప్రదర్శన ద్వారం దగ్గర ఆమె వాలంటీర్. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే లోపలికి వెళ్లనివ్వలేదు. టికెట్ తెచ్చాకే వదిలింది. ఆయన కోప్పడకపోగా ఆ పిల్లను మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆమె ఆంధ్ర మహిళా సభను నిలబెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. అంతటి మనిషి ఎక్కడ మొదలుపెట్టిందో చూడండి. ఒక ద్వారం దగ్గర, తనకు అప్పగించిన చిన్న పనిని ఎవరికీ మినహాయింపు లేకుండా చేయడంతో. మీ సంఘంలో జరిమానా అయిదు రూపాయలే కావచ్చు. సర్పంచ్ గారి కోడలు కట్టాలి, మీరూ కట్టాలి.

అప్పు ఎవరికి ముందు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. సంఘాలు విడిపోయేది ఇక్కడే.

లోన్ రాగానే తలా ఇంత అని సమానంగా పంచేసుకోవడం అందరికీ తేలిక. గొడవ ఉండదు. కానీ అవసరం లేని ఆమె తీసుకుని బయట వడ్డీకి తిప్పుతుంది, అవసరమున్న ఆమెకు సరిపోదు. కాబట్టి బ్యాంకుకు వెళ్లకముందే రెండు మీటింగులు దీనికోసం పెట్టుకోండి. ఒక్కొక్కరినీ అడగండి. ఎంత కావాలి, దేనికి, నెలకు ఎంత కట్టగలవు, ఎక్కడి నుంచి కడతావు. గేదె అంటే పాలు ఎవరు పోయించుకుంటారు, ఎండు మేత ఉందా అని మిగతావాళ్లే అడుగుతారు. కుట్టుమిషన్ అంటే ఊళ్లో ఇప్పటికే ఎన్ని ఉన్నాయో వాళ్లకు తెలుసు. ఈ ప్రశ్నలు మీరు ఒక్కరే అడిగితే అధికారం చలాయించినట్టు ఉంటుంది, పన్నెండు మందీ అడిగితే సలహా అవుతుంది.

వరస మాత్రం సంఘమే నిర్ణయించాలి. నా అభిప్రాయం అడిగితే బాగా ఇబ్బందిలో ఉన్నవాళ్లు మొదట, సంఘానికి ఉండే లీడర్లిద్దరూ చివర. నిజంగా మీకూ అవసరం ఉండొచ్చు, అప్పుడు కూడా చివరే. ఇది త్యాగం కోసం చెప్పడం లేదు. లీడర్ మొదట తీసుకున్న సంఘంలో వాయిదా తప్పినవాళ్లను అడిగే నోరు ఆమెకు ఉండదు. "ముందు నీది కట్టు" అంటారు. చివర తీసుకున్న ఆమె మాటకు ఆ బరువు ఉంటుంది.

ఇక కట్టలేనివాళ్ల సంగతి. మొదటి వాయిదా తప్పగానే వెళ్లాలి, మూడోది తప్పేదాకా ఆగొద్దు. ఒంటరిగా వద్దు, పదిమందితో వద్దు. మీరు, రెండో లీడర్, ఇద్దరే. మగవాళ్లు ఇంట్లో లేని మధ్యాహ్నం వేళ. గుమ్మంలో నిలబడి బాకీ మాట ఎత్తకండి. లోపలికి వెళ్లి కూర్చోండి. నీళ్లిస్తే తాగండి. "రెండు వారాలుగా మీటింగుకు రావడం లేదు, బాగున్నావా?" అని అడగండి. మొదట "బాగానే ఉన్నా అక్కా" అంటుంది. కాసేపు ఊరుకుంటే అసలు మాట వస్తుంది. పిల్లవాడికి జ్వరం తిరగబెట్టి ప్రైవేటు ఆసుపత్రిలో అయిన ఖర్చో, మిర్చి కల్లంలో తడిసిపోవడమో, ఆయన తాగుడో. అప్పుడు పరిష్కారం కూడా అక్కడే ఉంటుంది. ఆర్నెల్లు సగం వాయిదా కట్టించుకోవడమో, రెండు నెలలు వడ్డీ ఒక్కటే తీసుకోవడమో మీటింగులో తీర్మానం చేయించండి. ఆమె చెప్పిన ఇంటి గుట్టు మాత్రం మీటింగు దాకా రాకూడదు. "ఆమెకు ఇబ్బందిగా ఉంది, నేను చూసి వచ్చాను" అంటే చాలు.

ఎంత ఒత్తిడి ఉన్నా కొన్ని పనులు చేయొద్దు. గుమ్మం ముందు కూర్చోవడం, గ్యాస్ బండనో బిందెనో ఎత్తుకు రావడం, నలుగురిలో తిట్టడం. మైక్రోఫైనాన్స్ కంపెనీలు, అంటే చిన్న అప్పులిచ్చే ప్రైవేటు సంస్థలు, చేసిన వసూళ్లు మన పల్లెల్లో ఎంతమంది ఉసురు తీశాయో 2010లో చూశాం. ఆ ఏడాది అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అక్కడ వసూలుకు వాడింది కూడా సాటి ఆడవాళ్లనే, గ్రూపు పేరుతోనే. మీ సంఘం అలాంటి గ్రూపుగా మారిన రోజు మీరు ఎందుకు ఒప్పుకున్నారో అదంతా పోయినట్టే. కావాలని ఎగ్గొట్టేవాళ్లు ఉండరా అంటే ఉంటారు. వాళ్ల విషయం రాతపూర్వకంగా గ్రామ సమాఖ్యకు పెట్టండి, మీ భుజాన వేసుకోకండి.

బ్యాంకు దగ్గర, ఆఫీసు దగ్గర

ఖాళీ విత్‌డ్రాయల్ ఫారం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి. "టైమ్ లేదమ్మా, పెట్టేయండి, నేను రాసుకుంటా" అని ఎంత తెలిసినవాళ్లు అడిగినా సరే. సంఘం ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పకండి. బ్యాంకుకు వెళ్లే ప్రతిసారీ మీతోపాటు ఒక మామూలు సభ్యురాలిని తీసుకెళ్లండి, మార్చి మార్చి. ఆమె కౌంటర్ చూస్తుంది, ఫారం నింపడం చూస్తుంది, డబ్బు ఎంత తీశారో తన కళ్లతో చూస్తుంది. ఊళ్లో పుట్టే పుకారుకు ఆమే జవాబు.

ఒక విషయం తెలిసి ఉంచుకోండి. 10 లక్షల వరకు సంఘానికి ఇచ్చే లోన్‌కు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. మీ పొదుపు ఖాతా డబ్బును ఆ లోన్ కోసం కదపనివ్వకుండా ఆపడం, డిపాజిట్ చేయమని పట్టుబట్టడం కూడా కుదరదు. ఎక్కడైనా అలా అడిగితే గొడవ పడొద్దు. "ఆ మాట కాగితం మీద రాసివ్వండి సార్, మా సమాఖ్యలో చూపించాలి" అని మర్యాదగా అనండి. చాలాసార్లు ఆ మాట అక్కడితో ఆగుతుంది. ఆగకపోతే సీసీని, ఏపీఎంను వెంటబెట్టుకుని వెళ్లండి. లోన్ మంజూరుకు "ఖర్చులు" అని ఎవరైనా అడిగితే ఆ విషయం కూడా మీటింగులో పైకి చెప్పాల్సిందే.

లెక్కలు దాటి

పొదుపు ఒక గాడిలో పడ్డాక ఆఖరి పావుగంట ఊరి కోసం వదలండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది ఇలాంటి పావుగంటల్లోంచి వచ్చిందే. అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు, తమ ఇళ్లను గుల్ల చేస్తున్న సారా గురించి మాట్లాడుకున్నారు, ఏకమై ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్ల కథ చదువు పాఠంగా మిగతా ఊళ్లకు వెళ్లింది. జిల్లాలో సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. అంతకన్నా నాకు ఇష్టమైన సంగతి ఆ తర్వాతిది. సారాకు పోకుండా మిగిలిన డబ్బును రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. ఈ రోజు మీ చేతిలో ఉన్న పొదుపు పుస్తకానికి ఆ ఉద్యమంతో చుట్టరికం ఉంది.

మీరు అంత పెద్దది ఎత్తుకోవాలని లేదు. ఒక్క పని ఎంచుకోండి. అంగన్‌వాడీ తలుపు రోజూ తెరుచుకుంటోందా, తొమ్మిదో తరగతిలో బడి మానేసిన అమ్మాయి ఎందుకు మానేసింది, ఒంటరి ముసలివాళ్లలో పింఛను రానిది ఎవరికి. ఒకటి పట్టుకుని తేలేదాకా వదలకండి. రెండోది అప్పుడు చూసుకోవచ్చు.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకు పెళ్లి కుదిరిందని తెలిస్తే, ఆ ఇంట్లో దెబ్బలు తగులుతున్నాయని తెలిస్తే ఒక్కరే వెళ్లి నిలదీయకండి. ముందు ఆ తల్లితో మాట్లాడండి. అవసరమైతే పిల్లల కోసం 1098కి, ఆడవాళ్ల కోసం 181కి ఫోన్ చేయండి. ప్రాణం మీదికి వస్తే 112. ఫోన్ చేసింది ఎవరో బయటికి చెప్పనక్కర్లేదు.

పార్టీ మీటింగులు

"రేపు సభ ఉంది, మీ సంఘం నుంచి పది మంది రావాలి." ఈ ఫోన్ మీకు తప్పకుండా వస్తుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా వస్తుంది. సంఘంలో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు, కాబట్టి ఇష్టమైనవాళ్లు వెళ్తారు, హాజరు రాయం, రానివాళ్ల లోన్ ఆగదు అని మీటింగులో ముందే తీర్మానం చేసి పెట్టుకుంటే ఆ రోజు మీకు తల నొప్పి ఉండదు. మీకు రాజకీయం మీద మనసుంటే అది తప్పు కాదు. స్థానిక సంస్థల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం సీట్లు ఆడవాళ్లవే. సంఘంలో తలలో నాలుకలా మెలిగి తర్వాత వార్డు మెంబర్లు, సర్పంచులు అయినవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే నామినేషన్ వేసే ముందు లీడర్ పదవి అప్పగించి వెళ్లండి.

మాట పడ్డప్పుడు

పడతారు. "ఆమెకేం, సంఘం డబ్బుతో కమ్మలు చేయించుకుంది" అని ఎవరో అంటారు. ఆ రాత్రి నిద్ర పట్టదు. ఇంటింటికీ వెళ్లి సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడితే మాట ఇంకా పెరుగుతుంది. పై మీటింగుదాకా ఆగి, పుస్తకం మధ్యలో పెట్టి, "నా మీద ఒక మాట వచ్చింది, అందరూ కలిసి చూడండి" అని పక్కకు జరగండి. ఇన్నాళ్లూ పైకి చదివిన లెక్క ఆ రోజు మీ తరఫున మాట్లాడుతుంది. మాట అన్న ఆమెను తర్వాత దూరం పెట్టకండి, ఆమె వాయిదా వస్తే ఎప్పటిలాగే నవ్వుతూ తీసుకోండి.

ఇంకో సంగతి. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచే లీడర్‌ను ఊరు మెచ్చుకుంటుంది, ఆమె ఒళ్లు మాత్రం రెండేళ్లలో గుల్లవుతుంది. ఆసుపత్రి, ప్రాణాపాయం తప్ప మిగతా పనులకు ఒక వేళ చెప్పండి. బ్యాంకు పని రెండో లీడర్‌తో వంతులు వేసుకోండి. ఇంట్లోవాళ్లు, ముఖ్యంగా మీ ఆయన, మీ బదులు మీటింగులో మాట్లాడటం మొదలుపెడితే మొదటిసారే ఆపండి. సభ్యులు మిమ్మల్ని నమ్మి ఎన్నుకున్నారు, ఆయనను కాదు.

దిగిపోయే పని ఇప్పుడే మొదలుపెట్టండి

లీడర్లు మారుతూ ఉండాలి. రెండేళ్లకోసారి మార్చుకునే సంఘాలు బాగుండటం నేను చూశాను. "నువ్వు తప్ప ఎవరున్నారమ్మా" అనే మాట వినడానికి ఎంత తియ్యగా ఉన్నా, ఇంకొకరు తయారు కాలేదని దాని అర్థం. అందుకే మొదటి మూడు నెలలు గడిచాక ప్రతి మూడో మీటింగును వేరే ఆమెతో నడిపించండి. మీరు చాప మీద మిగతావాళ్లతో కూర్చోండి. ఆమె తడబడితే అందించకండి, అడిగితే చెప్పండి. సమాఖ్య మీటింగుకు వెళ్లేటప్పుడు ఆమెను వెంట తీసుకెళ్లండి, ఆఫీసర్లకు ఆమె పేరు చెప్పి పరిచయం చేయండి.

గడువు దగ్గర పడ్డాక కొత్త లీడర్లను ఎన్నుకున్న తీర్మానం స్పష్టంగా రాయించండి. ఆ నకలు, కొత్త లీడర్ల ఆధార్, ఫోటోలు తీసుకుని ఇద్దరు పాతవాళ్లు, ఇద్దరు కొత్తవాళ్లు కలిసి బ్యాంకుకు వెళ్లండి. సంతకాలు మారేదాకా పాత సంతకంతో డబ్బు తీయాల్సి వస్తే ఆ మాట కూడా తీర్మానంలో ఉండాలి. ఖాతాకు మీ ఫోన్ నంబరు ఉంటే మార్పించండి, చాలామంది మర్చిపోయేది ఇదే. నడుస్తున్న లోన్ల జాబితా, ఎవరికి ఏ వెసులుబాటు ఇచ్చామో ఆ తీర్మానాల తేదీలు ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టండి. ఆ తర్వాతి మీటింగుకు మీ పొదుపు 200 పట్టుకుని వేళకు వెళ్లండి. ఆలస్యమైతే జరిమానా కట్టండి.